రన్నింగ్ కలర్

చల్లపల్లి దగ్గర మా ఊళ్లో మా మామగారు మగ్గం నేస్తారు. నూలుకు రంగులు వేసేది మా అత్తగారు. ఫోన్లో చీరలు అమ్మే పని నాది. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు మాట ఎదురైతే, బట్టల కొట్లలో దానికి ఏ అర్థముంటే ఆ అర్థమే పెట్టుకునేదాన్ని.

ఒకరోజు పుణె నుంచి ఒకావిడ మా ఎర్ర చీర ఫోటో చూసి, మూడు కావాలంటూ మెసేజ్ పెట్టింది. చివర్లో, "డజ్ ద కలర్ రన్?" అని అడిగింది.

హనుమాన్ జంక్షన్ కొట్లలో రన్నింగ్ కలర్ అంటే బాగా అమ్ముడుపోయే రంగు. "యస్ మేడమ్, వెరీ వెరీ రన్నింగ్" అని హుషారుగా కొట్టాను. "అయితే వద్దు, థాంక్యూ" అని జవాబొచ్చింది.

అందరూ కట్టే రంగు ఆవిడకు నచ్చలేదేమో అనుకున్నాను. ఆరు నెలలుగా ఎవరూ అడగని ఆకుపచ్చ చీర ఫోటో పంపి, ఇది అసలు రన్నింగ్ కాదని రాశాను. ఆవిడ సంబరపడిపోయింది. "ఫాస్టేనా?" అంది. కొరియర్ సంగతనుకుని, "ఫాస్టే, మూడు రోజులు" అన్నాను. మూడూ ఆకుపచ్చవే తీసుకుంది.

మర్నాడు పార్సిల్ కడుతుంటే మా వీధి చివరి టీచర్ గారు వచ్చారు. చర్చి స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఎవరూ కొనని రంగే కావాలన్న ఆవిడ గురించి నవ్వుతూ చెప్పాను. టీచర్ గారు నాకంటే ఎక్కువ నవ్వారు.

"అమ్మాయ్, రంగు రన్ అవడమంటే ఉతికితే కారిపోవడమే!"

"మరి ఫాస్ట్ అంటేనండీ?"

"గట్టిగా పట్టుకుని వదలనిది. ఈస్టర్‌కు ముందు శ్రమల దినాల్లో మేముండే ఉపవాసానికీ అదే మాట."

మా అత్తగారు లోపల్నుంచి పరుగున వచ్చింది. "అయ్యో, ఎర్రది చుక్క వదలదు. కారేది ఆకుపచ్చే కదే!"

ఉన్నదానికి సరిగ్గా తలకిందులుగా చెప్పాను.

"కట్టేసిన పార్సిలేగా, పంపెయ్యమ్మా" అన్నారు మామగారు.

"ఆవిడ తెల్లబట్టల్లో కలిపి ఉతికితే పోయేది మన పేరే మామయ్యా."

రెండు గిన్నెల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో ఎర్ర నూలు, ఇంకోదాంట్లో ఆకుపచ్చ నూలు ముంచి వీడియో తీశాను. ఎర్రది ముంచిన నీళ్లు తేటగా ఉన్నాయి. రెండోవి పాలకూర ఉడికించినట్టు తయారయ్యాయి. తప్పు నాదేనని రాసి పంపాను. ఆవిడే ఫోన్ చేసింది. "రెడ్ ఫాస్ట్. గ్రీన్ ఫస్ట్ వాష్ రన్. సెపరేట్ బకెట్" అన్నాను తడుముకోకుండా. ఆవిడ నవ్వి, రెండు ఎర్రవీ ఒక ఆకుపచ్చదీ పంపమంది. అప్పట్నుంచి ఏ రంగు కారుతుందో, ఏది కారదో ప్రతి చీర ఫోటో కిందా రాస్తున్నాను. మా వీధిలో నేసేవాళ్లు కూడా వాళ్ల చీరలకు నాచేతే రాయించుకుంటున్నారు.

మొన్న ఇంకొకావిడ "హౌ ఈజ్ ద ఫాల్?" అని అడిగింది. చీర అంచుకు కుట్టే ఫాల్ మేం వేయం. టీచర్ గారేమో ఫాల్ అంటే పడటం అన్నారు. ఆ రెండూ ఆలోచించి, కుచ్చిళ్లు ఎలా పడతాయని అడుగుతోందని నేనే తేల్చాను. మా అత్తగారికి ఆ చీర కట్టబెట్టి, వాకిట్లో నడిపించి వీడియో పంపాను.

"దట్స్ ఎగ్జాక్ట్‌లీ వాట్ ఐ మెంట్" అని రాసింది ఆవిడ. ఆ మాటకు అర్థం ఎవరినీ అడగలేదు.