కొండయ్యగారి బ్యాటరీలు

2006 నాటికే ఆకివీడు బస్టాండు దగ్గర నాకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. అది రంజాన్ నెల. రోజా ఉపవాసం ఉండి, పొద్దుటి నుంచి సోల్డరింగ్ పొగ పీల్చి, సాయంత్రం అసర్ నమాజు వేళకు ఒళ్ళు వాలిపోయేది. చేపల చెరువు కాపలాదారు కొండయ్యగారు ఒకరోజు సరిగ్గా అప్పుడే వచ్చారు.

“సాయిబుగారూ, మళ్ళీ ఛార్జింగ్ ఎక్కట్లేదండి.”

“బ్యాటరీ పోయిందండి,” అన్నాను, ఫోన్ విప్పకుండానే.

“రెండు నెలల్లో రెండు మార్చారు కదండీ! మా చెరువులో చేపపిల్లే నయమండి, అంతకన్నా ఎక్కువ రోజులు బతుకుతుంది.”

నాకు నవ్వే ఓపిక లేదు. ఆయన గొంతు తగ్గింది.

“అమ్మాయిని కాన్పుకి ఏలూరు ఆసుపత్రిలో చేర్చామండి. రక్తం కావాల్సొస్తే అల్లుడు ఫోన్ చేస్తాడు. దాని గ్రూపు మా ఇంట్లో నాకొక్కడికే కలిసింది. రేపేమో చెరువు పట్టుబడి, చేపలన్నీ పట్టే రోజు, చెరువు ఆసామి కదలనివ్వడండి.”

షాపులో కొత్త బ్యాటరీలు అయిపోయాయి. నాదీ అదే మోడల్ కాబట్టి, నా ఫోన్లోని నిండు బ్యాటరీ తీసి ఆయనకు వేసి పంపాను.

నమాజు చేసి వచ్చి, నేను పోయిందన్న బ్యాటరీని నా ఫోన్లో పెట్టి ఛార్జింగ్ వేశాను. ఇఫ్తార్ వేళకు నిండిపోయింది. అంటే లోపం ఆయన ఫోన్ ఛార్జింగ్ పిన్‌ది, ఛార్జర్ వైరు దూర్చే చోటుది. ఆయన ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో బిగించి, మొలలో దోపుకుని చెరువులో దిగుతారు. లోపల చేరిన చెమ్మకు పిన్ తుప్పుపట్టింది. ఆరిన రోజు ఛార్జింగ్ ఎక్కేది, తడిసిన రోజు ఎక్కేది కాదు. నేనిచ్చిన బ్యాటరీ కూడా అయిపోతే అంతే. వెంటనే ఫోన్ చేశాను.

“ఏవండీ, ఆ బ్యాటరీ మళ్ళీ ఎక్కకపోవచ్చు. మాట్లాడి అరగదీయకండి.”

“ఇప్పుడు మీరే అరగదీస్తున్నారండి,” అని పెట్టేశారు.

మర్నాడు పొద్దున అల్లుడి ఫోన్ అందిందట. ఆసామి తిడుతున్నా వలలు వదిలేసి బస్సెక్కారట. తల్లీ బిడ్డా క్షేమం. అయిదు రోజులకు వచ్చి ఆ మాట చెప్పారు. నేను స్పిరిట్‌తో పిన్ తుడిచి, నిజం చెప్పాను.

“అయితే ముందు తీసేసిన రెండూ బానే ఉన్నాయాండీ?”

“ఉన్నాయండి.”

“మీరు పోయాయన్నారని చెరువులో పారేశానండి.”

ఆయనకు కోపం రాలేదు. నాకు అదే కష్టమైంది. వాటి వెల ఇస్తే తీసుకున్నారు.

తూకంలో తగ్గించేవాళ్ళ గురించి మసీదులో విన్నప్పుడల్లా, అది చేపల కాటా దగ్గరివాళ్ళకు చెప్పిన మాటే అనుకునేవాణ్ణి. చూడకుండా చెప్పిన మాట కూడా తప్పుడు తూకమేనని ఆ నెలలో అర్థమైంది.

ఇప్పటికీ సాయంత్రానికి కళ్ళు మండుతాయి. “బ్యాటరీ మార్చేయండి, బస్సు పోతుంది” అని జనం తొందరపెడతారు. “ఏం పోయిందో నాకింకా తెలియదండి, కూర్చోండి” అంటాను.