ఏడో నంబరు ఐరన్ మీద మచ్చ

మొన్న ఒక పెళ్ళి బట్టల కోసం మా ఆవిడతో నగరంలోని పెద్ద మాల్‌కు వెళ్ళినప్పుడు, పై అంతస్తులో కొందరు కుర్రాళ్ళు తెర ముందు నిలబడి గోల్ఫ్ ఆడుతుంటే చూశాను. బంతి ఎదురుగా వేలాడే గుడ్డకు తగిలి కింద పడుతుంది, తెర మీద మాత్రం పచ్చిక మైదానాల మీదుగా ఎగిరిపోతుంది, ఎవరు ఎట్లా కొట్టినా స్పీకరులోంచి ఒకే తీయని చప్పుడు వస్తుంది. అది వినగానే వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టయి గిర్రున తిరిగాను. వెనక ఎవరూ లేరు. ఆ తర్వాత ఏ చీర చూపించినా బాగుందనే అన్నానట, దానికి ఇంటికొచ్చాక వేరే చీవాట్లు.

ఇబ్రహీంపట్నంలో పొద్దున చెప్పిన భూమి ధర సాయంత్రానికి మారిపోయే రోజులు మన వయసు వాళ్ళందరికీ గుర్తుండే ఉంటాయి. నేను శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం చేసుకుంటూ మా అన్నా వదినల పక్క వాటాలోనే ఉండేవాణ్ణి. అన్న మట్టిపనుల కాంట్రాక్టరు. నగరం అంచున ఎవరో గోల్ఫ్ మైదానం కడుతుంటే దాని గుట్టలూ గుంటలూ తీర్చే పని మా అన్నకు దొరికింది, పని ముగిసేసరికి ఆట పిచ్చి పట్టుకుంది. పంచె కట్టుకుని తిరగాల్సిన వయసులో ఈ కర్రలేమిటని చుట్టాలంతా నవ్వారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సొంత కర్రలు కొనుక్కోవడానికి సికింద్రాబాద్‌లోని ఒక దుకాణానికి నన్ను వెంటబెట్టుకుపోయాడు. ఇనుప తలలున్న కర్రలను ఐరన్లు అంటారనీ, వాటిలో కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసేవి కొన్ని, మెత్తటి ఉక్కును కాల్చి దెబ్బలతో రూపు తెచ్చేవి కొన్ని అనీ, ఈ రెండో రకమే ఫోర్జ్‌డ్ అనీ నాకు అక్కడే తెలిసింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అచ్చులో పోసినవే మంచివని, తప్పు కొట్టినా అవి కాపాడతాయని దుకాణదారు నచ్చజెప్పాడు. అన్న దుకాణం వెనక కట్టిన వలలోకి రెండు రకాలతోనూ కొట్టి చూశాడు. మా అమ్మ కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకునేది, అచ్చం అట్లాగే తల వంచి విన్నాడు. చివరికి ఫోర్జ్‌డ్ వాటినే పక్కకు పెట్టించాడు.

"తప్పు కొడితే తప్పని చెప్పాలె గదన్నా. కాపాడుడెందుకు?" అన్నాడు దుకాణదారుతో.

మా ఇంటి వెనక అప్పట్లో ఒక ప్లాట్ల వెంచరు, రాళ్ళు పాతారే గాని ఒక్క ఇల్లూ లేవలేదు. పైన నాదర్‌గుల్ నుంచి వచ్చిన శిక్షణ విమానాలు బద్ధకంగా చక్కర్లు కొడుతుంటే అన్న రోజూ పొద్దున్నే వెనక వాకిట్లో నిలబడి ఆ ఖాళీలోకి బంతులు కొట్టేవాడు. ఎక్కువగా ఏడో నంబరు ఐరన్‌తోనే. మెత్తటి ఉక్కు గనక ఏళ్ళు గడిచేకొద్దీ దాని ముఖం మీద, బంతి తగిలే చోట, రూపాయి బిళ్ళంత మచ్చ పడింది. ఆ మచ్చ ఉండాల్సిన నడిమిలో కాకుండా కొంచెం కాడ అతికిన వైపుకు ఉండేది. ఆట తెలిసినవాళ్ళ లెక్కలో అది తప్పే. కాని ఆ తప్పు వల్లనే అన్న దెబ్బకు ఒక సొంత గొంతు ఉండేది, ముందు మెత్తగా ఒక మోత, దాని వెనకాలే సన్నగా ఒక ఖంగు.

ఒకనాడు మహేశ్వరం దగ్గర సైటులో ఛాతీ పట్టుకుని కూర్చున్న అన్న మళ్ళీ లేవలేదు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

దినాలన్నీ గడిచాక, ఆ కర్రలు ఎవరికైనా ఇచ్చేద్దామా అని నేను అడిగాను. వదిన అన్నది, "ఫొటో ఉన్నది తమ్మీ. గొంతు ఏడున్నది? పొద్దున లేస్తె అంతా సప్పుడు లేకుండైంది. ఒక్కసారి నువ్వు కొట్టి గా సప్పుడు వినిపియ్యి."

అప్పటి ఫోన్లు మాట్లాడుకోవడానికే గాని మనుషుల గొంతులు దాచుకోవాలని ఎవరికి తోచింది! ఆమెకు ఏ రకంగా ఓదార్పు చెప్పాలో తెలియక సరేనన్నాను. ఎంత వెర్రి ఒప్పుకోలో మర్నాడే తెలిసింది. నా దెబ్బలు తపేళా కిందపడినట్టు మోగేవి, చేతులు జివ్వున లాగేవి. వదిన వంటింట్లో గిన్నెలు కడగడం ఆపి వినేది, మళ్ళీ కడుక్కునేది, అదే నాకు కష్టంగా ఉండేది. ఆ మచ్చ మీద బంతి తగిలితేనే ఆ చప్పుడు వస్తుందని పట్టుబట్టి ఎండాకాలమంతా కొట్టాను, అన్న నిలబడే తీరు, భుజం వంచే తీరు గుర్తుచేసుకుంటూ. బంతి మచ్చ చుట్టూ తగిలేది, మచ్చ మీద తగిలేది కాదు.

మొదటి వానలు పడ్డాక ఒక పొద్దున తగిలింది. మెత్తటి మోత, వెనకాలే సన్నటి ఖంగు. నా చేతులు నావి కావనిపించింది, భయమూ సంతోషమూ ఒకేసారి కలిగాయి. లోపలి నుంచి వదిన గొంతు వినిపించింది, విసుగూ మురిపెమూ కలిసిన పాత గొంతు.

"ఇగ చాలు రావయ్యా, చాయ్ సల్లగైతాంది!"

ఆ పిలుపు నాకు కాదు. చాయ్ గ్లాసు పట్టుకుని గడప దాకా వచ్చింది, నన్ను చూసి ఆగిపోయింది. ఆ నిమిషంలో ఆమె ముఖంలో అన్న రెండోసారి పోవడం చూశాను. తల దించుకున్నాను. ఆమే తేరుకుని దగ్గరికి వచ్చి, కర్ర తీసుకుని, కొంగుతో దాని ముఖం తుడిచి మచ్చను వేలితో తడిమి చూసింది.

"ఇగ కొట్టకు తమ్మీ. నువ్వు కొట్టుకుంట పోతె ఈ మచ్చ గూడ నీదైతది."

మళ్ళీ కొట్టలేదు. ఆ వెంచరు ఇప్పుడు ఇళ్ళతో నిండిపోయింది, వెనక వాకిట్లో నిలబడితే ఎదుటివాళ్ళ కిటికీలు కనిపిస్తాయి, బంతి ఎగరడానికి కాదు గదా, పొద్దుటి ఎండ రావడానికే సందు లేదు. వదిన వానాకాలంలో ఆ ఐరన్లకు తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాస్తూనే ఉంది. ఇప్పుడు ఎవరు పోయినా వాళ్ళ నవ్వూ మాటా ఫోన్లలో మిగిలే ఉంటున్నాయి, మంచిదే. మాకు మిగిలింది మా చెవులే, అవీ ముసలివైపోతున్నాయి. కొన్ని పొద్దుల్లో ఆ చప్పుడు ఇప్పటికీ స్పష్టంగా వినిపించి లేచి కూర్చుంటాను. అది అన్న కొట్టినదో, నేను కొట్టినదో మాత్రం నాకు తెలియడం లేదు.