ఎర్ర కారుకు ఫుట్‌వాల్వు

మా వీధిని నిద్ర లేపింది నా కారే అంటే కోతలు కోస్తున్నాననుకుంటారు. నిజానికి తగ్గించే చెబుతున్నాను. ఆ వారమంతా పొద్దున్నే నేను తాళం తిప్పగానే బోనెట్ కింద ఇత్తడి గంగాళంలో గోలీలు పోసి ఊపినట్టు గలగలమని శబ్దం పుట్టేది. విజయనగరంలో పుట్టిన ఆ శబ్దం నెల్లిమర్ల దాకా వెళ్ళి, అక్కడి జూట్ మిల్లు కూతను సిగ్గుపడేలా చేసి, తిరిగొచ్చేది. ఎదురింటావిడ చేతిలో పాలచెంబు జారిపోయేది. వీధి కుక్కలు మాత్రం ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని గౌరవంగా లేచి నిలబడేవి.

అది టర్బో ఇంజన్ ఉన్న ఎర్ర కారు. సెకండ్ హ్యాండ్. పాతికేళ్ళ వయసు నుంచి కలలు కంటే, నెత్తిన జుట్టు సగం సెలవు తీసుకున్నాక గానీ చేతికి రాలేదు. యాక్సిలరేటర్ మీద బొటనవేలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుపోతుంది. పొట్ట కాస్త ఆలస్యంగా వచ్చి కలుస్తుంది.

గోలకు ముందు జరిగింది ఇదీ. ఆయిల్ మార్చే వేళయింది. ఆయిల్‌తో పాటు ఫిల్టరూ మార్చాలి. మా వైపు ఫిల్టరు కొనడానికి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. పెళ్ళిచూపులకు వెళ్ళినట్టు తోడు ఒక పెద్దమనిషి ఉండాలి. నేను మా ఆవిడ అన్నయ్యను పిలిచాను. ఈ బావ ఎచ్చెర్ల దగ్గర వరి పండిస్తాడు. ట్రాక్టరు ఉంది కాబట్టి భూమ్మీద తిరిగే ఇంజన్లన్నిటి మీదా తీర్పు చెప్పే అధికారం తనకుందని నమ్ముతాడు.

స్పేర్ పార్టుల కొట్టాయన మా ముందు రెండు పెట్టాడు. ఒకటి పొట్టిగా, నల్లగా, మాడిన గిన్నెలా ఉంది. రెండోది పొడుగ్గా, ఎర్రగా, తళతళలాడుతూ పెళ్ళికొడుకులా ఉంది.

"ఈ గిడ్డది కంపెనీ నంబరుదండి. ఆ పొడుగుదానికీ మర సరిపోతాది గానీ..."

బావ ఆ 'గానీ'ని గాల్లోనే పట్టేసుకున్నాడు. "ఒరే బావా, గిడ్డదానికి కడుపెంతుంటాదిరా? స్పీడు బండికి మడ్డి ఎక్కువొస్తాది. పెద్దది ఏసీయ్!"

నాకూ ఆ ఎరుపు నచ్చింది. ఎవరికీ కనబడని చోట బిగించే వస్తువుకు రంగెందుకని ఒక్క క్షణం అనిపించింది కానీ, ఆ క్షణం గడిచిపోయింది. షెడ్డులో బిగిస్తే మర సరిపోయింది, రబ్బరు వాషరు చక్కగా కూర్చుంది, చుక్క నూనె కారలేదు. బావ తన సొంత భుజమే తట్టుకున్నాడు.

మర్నాటి నుంచే గలగల. మెకానిక్ పొద్దున్నే ఇంటికే వచ్చి, స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజన్‌కూ, రెండో కొస చెవికీ ఆనించి విని, "ఇంజన్ ఇప్పాలండి" అన్నాడు. ఆ మాటతో మా ఆవిడ తీర్పిచ్చేసింది. "ఇప్పింది మళ్ళీ బిగుస్తాదని నమ్మకమేటి? వీధిలో తలెత్తుకోలేకపోతన్నాను. అమ్మీండి." ఆ సాయంత్రానికే బావ బేరగాణ్ణి కుదిర్చాడు. ఆదివారం పొద్దున్న నెల్లిమర్ల నుంచి వచ్చి కారు పట్టుకుపోతాడు. సగం జీవితం ఎదురుచూసి తెచ్చుకున్న కారు ఇలా గోలపెట్టి వెళ్ళిపోతుందా అని నాకు ముద్ద దిగలేదు. అంటే, మూడో వడ్డన దగ్గర నుంచీ దిగలేదు.

శనివారం పొద్దున్న మా ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తోంది. చివరిసారి చూసుకుందామని తాళం తిప్పాను. గలగల. సిగ్గేసి ఆపేశాను. మళ్ళీ తిప్పాను. చప్పుడు లేదు. ముగ్గు పోస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏటండీ, ఇప్పుడు రాలేదేటి?"

"ఒకసారి అరిచాక ఊరుకుంటుంది. మళ్ళీ రేపు పొద్దున్నే."

"రాత్రంతా ఊరికే ఉంటేనే అరుస్తన్నాదా?" ఆమె లేచి పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. "అయితే అచ్చం మా నాన్న మోటారే!"

బావిలోకి దించిన గొట్టం అడుగున ఫుట్‌వాల్వు అని ఒక రెక్క ఉంటుంది. మోటారు ఆపాక గొట్టంలోని నీళ్ళు వెనక్కి జారిపోకుండా అది మూసుకోవాలి. పాడైతే తెల్లారేసరికి గొట్టం ఖాళీ. మోటారు ఉత్త గాలి మింగి ఏడుస్తుంది. బకెట్టుతో నీళ్ళు పోసి నింపితే గానీ నీరెత్తదు.

"మీ కారులో నూనె కూడా అలగే దిగిపోతన్నాది. మళ్ళీ పైకెక్కీదాకా ఎండు ఇనుము ఏడుస్తన్నాది. ఆ ఎర్ర ఫిల్టరు ఏసిన కాడ్నించే కదేటి ఈ గోల?"

ఆ సంగతి మాకెందుకు తట్టలేదంటారా? ఫిల్టరును అనుమానించడమంటే బావను అనుమానించడమే కదా!

ఇద్దరం కొట్టుకు వెళ్ళాం. మా ఆవిడ వంకాయలు ఏరినట్టు ఫిల్టర్లు ఏరింది. ఫిల్టరు మూతి చుట్టూ చిన్న కన్నాలుంటాయి; నూనె లోపలికి వెళ్ళే దారి అదే. పొట్టిదాని కన్నంలో పుల్ల పెట్టి పొడిస్తే లోపల మెత్తటి రబ్బరు తగిలి వెనక్కి తోసింది. ఎర్రదాంట్లో పుల్ల ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయింది.

"దీనికి రబ్బరే లేదేటి?"

"అది మూతి పైకి పెట్టి నిలువుగా బిగించీ ఇంజన్లకమ్మా. సెంబులో నూనె లాగ ఎక్కడికీ పోదు. మీ ఇంజన్‌కి ఫిల్టరు అడ్డంగా పడుకుంటాది, రబ్బరు నేకపోతే కారిపోతాది."

"ఆ రోజే సెప్పొచ్చు కదా?"

"మీవోళ్ళు నన్ను నోరు తెరవనిచ్చారేటమ్మా!"

మాడిన గిన్నెలాంటి ఆ పొట్టిదాన్నే తెచ్చి, షెడ్డులో బిగించే ముందు వాషరు చుట్టూ మా ఆవిడే వేలితో నూనె రాసింది.

ఆదివారం బేరగాడు తెల్లచొక్కాతో దిగాడు. బావ ముందే రెండు చెవులూ మూసుకుని, "కొంచెం గలగలమంటాది, జడిసిపోకు" అన్నాడు. తాళం తిప్పాను. పిల్లి లేచి ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక్క గుర్రు, అంతే. ఎదురింటావిడ చెంబు ఆమె చేతిలోనే ఉంది.

"ఏదీ గలగల?" అంటూ బేరగాడు బోనెట్‌ను మేనల్లుణ్ణి నిమిరినట్టు నిమిరాడు. "ఇప్పుడే పట్టుకెళ్ళిపోతాను!"

నా గుండె జారి క్లచ్ మీద పడింది. బాగుచేసి మరీ పోగొట్టుకుంటున్నాను! ఇంతలో కిటికీలోంచి గాజుల చెయ్యొకటి వచ్చి ఇంజన్ ఆపి తాళం లాగేసుకుంది.

"అమ్మీది నేదండి. కాఫీ తాగి ఎళ్ళండి."

బావ అదిరిపడ్డాడు. "ఒసే, అమ్మీమన్నది నువ్వే కదే!"

"ఫుట్‌వాల్వు పోనాదని మోటారు అమ్మీసుకుంటారేటి? నీకెలా తెలుస్తాది అన్నియ్యా! సిన్నప్పుడు బకెట్లు మోసింది నాను. నువ్వు గట్టు మీద కూకుని సెరుకు నమిలినావు."

బేరగాడు కాఫీ తాగి బస్సెక్కాడు. మా ఆవిడ నన్ను పక్క సీట్లోకి జరగమని స్టీరింగు ముందు కూర్చుంది.

"నేర్పండి. బొబ్బిలి పిన్ని ఇంటికి నానే తోలాలి."

తర్వాత దిగి లోపలికెళ్ళి, ఖాళీ బకెట్టు తెచ్చి బావ చేతిలో పెట్టింది.

"దీనికేటి?"

"తిరిగొచ్చాక కారు కడగాల. నింపి ఉంచు."

ఆమె మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోగానే కారు కుందేలులా గెంతి, ముగ్గును చక్రాలకు అద్దుకుని వీధిలోకి దూకింది. నేను బెల్టు పట్టుకుని, "క్లచ్, క్లచ్" అని జపం చేస్తున్నాను. వీధి కుక్కలు గౌరవంగా లేచి నిలబడ్డాయి.