పంటి కింద గిటారు

గిటారు కొనేవాళ్ళు ఎవరైనా చేత్తో పట్టి చూస్తారు, చెవితో విని చూస్తారు. పళ్ళ డాక్టరు మాత్రం కొరికి చూసేవాడు. మాట వరసకి అంటున్నది కాదు. ఎలక్ట్రిక్ గిటారుని చంటిపిల్లలా పైకెత్తి, మెడ పక్కన పొడుచుకొచ్చే కొమ్ముని నోటిదాకా తెచ్చుకుని, దాని మీద పై పళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్కో తీగా మీటేవాడు. వైరు తగిలించనిచ్చేవాడు కాదు. స్పీకరు ఆన్ చేస్తే కసురుకునేవాడు.

ఇదంతా జరిగేది స్వయానా బావమరిది షాపులో. అక్కడే వచ్చింది చిక్కు. బయటివాడైతే బావమరిది ఏనాడో మెడ పట్టి బయటికి పంపేవాడు. అక్క మొగుణ్ణి గెంటేసి మళ్ళీ అక్కకి మొహం ఎలా చూపించడం?

"బావా, అది చెరుకు గడ కాదు."

"తెలుసోయ్. చెరుకైతే ఇన్ని ఆదివారాలు పట్టదు."

రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఇదే తంతు. డాక్టరు వచ్చి, వెనక గదిలో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, జేబులోంచి తెల్లటి గుడ్డ తీసి కొమ్ము మీద పరిచి, మణికట్టు గడియారం చూసుకుంటూ పరీక్ష మొదలెట్టేవాడు. తీర్పులు కూడా ఆసుపత్రి బాణీలోనే ఉండేవి. "ఇది పైకి నిగనిగ, లోపల పుచ్చు." "దీని మోత ఎనిమిది సెకన్లకే చచ్చింది. వేరు కదిలింది." "మెడ చేతికి ఒదిగింది కానీ గొంతు ముక్కులోంచి వస్తోంది. తీసెయ్."

ఒకసారి ఓ బ్యాంకు ఆఫీసరు ఖరీదైన గిటారు బేరం ఖాయం చేసుకుని, ఈ దృశ్యం చూసి ఆగిపోయాడు.

"ఆయన ఏం చేస్తున్నారండీ?"

బావమరిది పరువు కాపాడుకోవాలి గదా. "నిపుణులండీ. నాణ్యం చూస్తున్నారు" అన్నాడు.

అంతే, ఆఫీసరు కూడా కొరికాడు. ఆయన్ని చూసి పక్కాయన. ఆ వారం తిరిగేసరికి గోడకి ఓ బోర్డు వెలిసింది: 'గిటార్లు కొరకరాదు'. డాక్టరు దాన్ని శ్రద్ధగా చదివి, "మంచి పని చేశావోయ్, జనానికి బొత్తిగా శుభ్రత లేదు" అని మెచ్చుకుని, గుడ్డ తీశాడు.

పోనీ మనిషికి వాయించడం వచ్చా అంటే, ఆరు తీగలూ వరసగా మీటడం తప్ప పాట ముక్క రాదు. వాయించడం వచ్చింది అక్కకి. పెళ్ళికి ముందూ తర్వాతా బృందాలతో స్టేజీలెక్కిన మనిషి. మూడేళ్ళ కిందట రెండు చెవుల్లోపలి చిన్న ఎముకలూ బిగుసుకుపోయాయి. మిషను పెట్టుకుంటే మాటలు వినిపిస్తాయి గానీ, పాట మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుందిట. గిటారు ఎవరికో ఇచ్చేసింది. ఆ తర్వాత తమ్ముడి షాపు మెట్లెక్కలేదు, ఆమె ముందు ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఓ ఆదివారం షాపుకి చేత్తో చేసిన గిటారు ఒకటి వచ్చింది. తేనెరంగు చెక్క, ఒక్క అతుకు కనపడదు. సాయంత్రం ఐదింటికి, దాన్ని ఆర్డరిచ్చిన రికార్డింగ్ స్టూడియో ఆయన వచ్చి పట్టుకుపోతాడు.

"బావా, నీకు దండం పెడతాను, దీన్ని వదిలెయ్."

డాక్టరు అప్పటికే కొరికేశాడు. మీటాడు. గడియారం వంక చూశాడు. బావమరిది కూడా చూశాడు. పది సెకన్లు. పదిహేను. ఇరవై రెండుకి డాక్టరు కళ్ళు తెరిచాడు.

"ఇదేనోయ్. మీ అక్కని పిలు."

"అక్కనా? ఎందుకు?"

డాక్టరు గుడ్డ మడత పెడుతూ చెప్పాడు. "రెండేళ్ళ కిందట మీ అక్కకి దవడ పన్ను పుచ్చింది. మిషను తీసి పక్కన పెట్టి కుర్చీలో పడుకుంది. డ్రిల్లు ఆనించగానే నా చెయ్యి పట్టుకుంది. నొప్పా అని సైగ చేశాను. 'నొప్పి కాదండీ, ఏంటీ గోల, శ్రుతీ పాడూ లేకుండా' అంది."

బావమరిది స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెవిలోంచి లోపలికి పోని శబ్దం పంటిలోంచి పోతోంది. మంచి చెక్క దొరికితే పాట కూడా అలాగే లోపలికి పోతుందేమోనని."

"రెండేళ్ళు నాతో ఒక్క ముక్క చెప్పలేదే."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. మీ అక్కకి తెలిసి, ఆశ పడి, తీరా వినపడకపోతే? ఒకసారి మానేసిన మనిషి చేత రెండోసారి మానిపించనా?" డాక్టరు గొంతు కాస్త తగ్గింది. "ఇప్పటికీ నమ్మకం లేదోయ్. నాకు వినపడింది. నా చెవులు బాగానే ఉన్నాయిగా."

అక్కని రప్పించడం ఎలా? బావమరిది ఆలోచించి మెసేజి పెట్టాడు: 'బావ పళ్ళు గిటారుకి ఇరుక్కున్నాయి. త్వరగా రా.' పది నిమిషాల్లో అక్క నూనె సీసాతో దిగింది.

"ఏవీ, ఎక్కడ ఇరుక్కున్నాయి?"

"ఊడొచ్చాయిలే. నువ్వు కూర్చో" అని డాక్టరు గిటారు పట్టీ బిగించి ఆమె మెళ్ళో వేశాడు. మిషను తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. కొమ్ము మీద కొత్త గుడ్డ పరిచి, పళ్ళు చూపించి సైగ చేశాడు.

"ఈ వయసులో నేనూ కొరకాలా? మీకు మతి పోయింది, వీడికి ఎప్పుడూ లేదు" అంటూనే అక్క పళ్ళు ఆనించింది. మీటింది.

ఆగింది. మళ్ళీ మీటింది. డాక్టరు గడియారం చూడటం మర్చిపోయాడు.

అక్క తలెత్తి, షాపు దద్దరిల్లేలా అంది: "ఒరేయ్, మూడో తీగ దిగిపోయి ఉంది. ఇలా పెట్టి అమ్ముతున్నావా జనానికి?"

బావమరిది జీవితంలో అంత కమ్మటి తిట్టు తినలేదు. అక్క తీగ బిగించి, మళ్ళీ పళ్ళు ఆనించి ఓ పాట వాయించడం మొదలెట్టింది. మూడేళ్ళ తుప్పు మూడు నిమిషాల్లో రాలింది. పాట ఆపి, ఎడంచేత్తో మెడ తడిమి చూసి పెదవి విరిచింది.

"ఇది నా చేతికి లావు. ఆ ఎర్రది తీయి."

"ఇరవై రెండు సెకన్లు కదా దీనికి" అన్నాడు డాక్టరు. ఎవరికి వినపడాలి?

అక్క ఎర్రది కొరికింది, నీలంది కొరికింది, గోడ మీద ఉన్నవాటిని వరసగా దింపించి కొరికింది. బావమరిది గుడ్డలు మారుస్తూ వెంట తిరిగాడు. ఐదింటికి స్టూడియో ఆయన వచ్చి తేనెరంగు గిటారు ఎత్తి, "ఇక్కడేదో తడిగా ఉందే" అన్నాడు. "పాలిష్ అండీ" అన్నాడు బావమరిది.

చివరికి అక్క మళ్ళీ ఎర్రదాని దగ్గరికే వచ్చింది. మెడ సన్నం, మోత పద్ధెనిమిది సెకన్లే, కానీ కింది తీగ మీటితే దవడ నుంచి నడినెత్తి దాకా వెచ్చగా పాకుతోందిట. వైరు తగిలించమంది. స్పీకరు మీట తిప్పగలిగినంతా తిప్పింది.

రెండో పాటకల్లా పక్కనే ఉన్న కళ్ళజోళ్ళ షాపాయన పరిగెత్తుకొచ్చాడు. "అద్దాలు అదిరిపోతున్నాయండీ. ఆవిడకి కాస్త చెప్పండి."

"చెప్పినా వినపడదండీ" అన్నాడు డాక్టరు. "మిషను నా జేబులో ఉంది."

"అయితే ఇవ్వండి."

"ఇవ్వను" అని డాక్టరు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆయనకి కుర్చీ చూపించాడు.