గుర్రాల ట్రైలర్‌లో మెత్తబడిన నేల

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, రెండేళ్ల కిందట ఇదే శుక్రవారపు కూడికలో ఒక అన్న తాగుడు నుంచి విడుదల పొందానని ఏడుస్తూ సాక్ష్యం చెబుతుంటే మీరంతా చప్పట్లు కొట్టారు, నేను మాత్రం నిజంగానే మానేశాడా, కళ్లింకా ఎర్రగానే ఉన్నాయే అని చూస్తూ కూర్చున్నాను! అదీ నా రోగం. అనుమానం. మా కోడూరులో ఉన్నప్పుడే అంటుకుంది, కువైట్ వచ్చాక ముదిరింది. పంచదార డబ్బాలో చెంచా ఎటు తిప్పి పెట్టానో గుర్తుపెట్టుకునేవాణ్ణి, ఇంటికి ఫోన్ చేస్తే రెండో రింగుకు ఎత్తకపోతే ఎవరితో మాట్లాడుతున్నావని నా భార్యను నిలదీసేవాణ్ణి, పాస్టరుగారు ప్రార్థనలో నా పేరు మరిచిపోతే ఎవరో నామీద ఏదో చెప్పారనుకునేవాణ్ణి.

జహ్రా అవతల, నన్ను వీసా మీద తెచ్చుకున్న మా కఫీల్ గుర్రాల షెడ్డులో నేను వడ్రంగిని. ఆయన్ని మేము బాబా అంటాం. గుర్రాలను తీసుకెళ్లడానికి ఆయనకు ఒక పొడవాటి ట్రైలర్ ఉంది, వెనక భాగం గుర్రాలకు, ముందు భాగం మనుషులకు, రెండు మంచాలు, చిన్న వంటగట్టు, నీళ్ల గది. చలికాలం బాబా కుటుంబం ఎడారిలో గుడారాలు వేసుకున్నప్పుడు అది వెంట వెళుతుంది, మిగతా నెలల్లో షెడ్డు పక్కనే ఉంటుంది, ఎక్కడున్నా అందులో నేనూ, గుర్రాలను చూసుకునే సత్తిబాబూ ఉంటాం. సత్తిబాబుది కోనసీమ, హిందువు. తెల్లవారగానే స్నానం చేసి తడి తువ్వాలుతోనే తన మంచం దగ్గరున్న దేవుడి పటానికి దండం పెట్టుకుంటాడు. కొత్త సంవత్సరపు ఆరాధనలో నాకొచ్చిన, బైబిలు వాక్యమున్న వాగ్దానం కార్డుకు ఫ్రేము కట్టించి, అతని పటానికి ఎదురుగా, నా మంచం పక్క గోడకు బిగించాను. అతని పటం కంటే జానెడు పైన ఉండాలని కొలిచి మరీ, ఎవరూ ఊడదీయకుండా పొడవాటి స్క్రూ వేసి!

ఆ ఏడాదే ఎండాకాలం చివర్లో గదిలో నేల కాలి కింద మెత్తబడింది, ముక్కిపోయిన వాసన మొదలైంది. నాకు ఆలోచించే పనే లేకపోయింది, ఇంకేముంది, సత్తిబాబు తడి తువ్వాలు! కావాలనే చేస్తున్నాడు, వడ్రంగికి పని రాదని నన్ను పంపేస్తే గదంతా తనదవుతుందని చూస్తున్నాడు. అతను నవ్వితే ఎందుకు నవ్వాడా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని కాచుకుని కూర్చున్నాను. ఒకరోజు బాబా లోపలికి వచ్చి అడుగు వేయగానే కాలు దిగబడింది. ఎవరు చేశారని అరిచాడు. నేను వచ్చీరాని అరబ్బీలో, సత్తిబాబే, రోజూ నీళ్లు కారుస్తాడని చెప్పేశాను. వచ్చే నెలతో, అతను కువైట్‌లో ఉండడానికున్న ఇఖామా గడువు అయిపోతుంది. ఇక మళ్లీ కొట్టించేది లేదు, ఊరికి పంపేస్తానని బాబా చెయ్యి విదిలించి "ఖలాస్" అన్నాడు. సత్తిబాబు నావైపు చూసి, గుర్రాల దగ్గరికి వెళ్లిపోయాడు. తప్పు చేశాడు కాబట్టే నోరు లేవలేదనుకున్నాను.

గుడారాల కాలం రాకముందే నేల బాగుచేయమని నాకే పని పడింది. మేమిద్దరం సామానుతో షెడ్డులోకి మారాం. మంచాలు బయట పెట్టి, పైనున్న రబ్బరు షీటు ఒలిచాను. కింద ప్లైవుడ్ టీలో నానిన రొట్టెలా చేతికి ఊడి వచ్చింది. విచిత్రం, సత్తిబాబు మంచం వైపు చెక్క గట్టిగా ఉంది, నీళ్ల గది గుమ్మం దగ్గరా గట్టిగానే ఉంది. ఇందులోనూ ఏదో మోసం ఉందని సుత్తితో కొట్టి మరీ చూశాను. నల్లటి మరక నా మంచం వైపే పోయింది, గోడ దాకా వెళ్లి పైకి ఎక్కింది. కార్డు కింద గోడ పలక కోసి లోపలికి చూశాను. వెనక సన్నని నీళ్ల పైపు, అందులోకి దిగిన నా పొడవాటి స్క్రూ, దాని కొనన ఒక నీటి చుక్క. అది జారింది, ఇంకొకటి వచ్చింది. ఎనిమిది నెలలుగా!

చూసినవాళ్లు లేరు. పైపు ముక్క మార్చి స్క్రూ జేబులో వేసుకున్నాను. ఫ్యాను పెట్టి ఆరబెట్టి, ఇనుప చట్రానికి తుప్పు గీకి రంగు వేసి, కొత్త ప్లైవుడ్ బిగించి అంచులకు సిలికాన్ పట్టించాను. చేతులు పని చేస్తుంటే నోరు ప్రార్థన చేసింది, ఏమనో సిగ్గు విడిచి చెబుతున్నాను: "యేసయ్యా, ఈ ఒక్కసారికి సూడనట్టు ఉండు సామీ, ఆ మనిషికి ఊర్లోనే ఏదో ఒక పని ఇప్పిచ్చు, నన్ను మాత్రం బయటెయ్యొద్దు." ఆమెన్ అనడానికి నోరు రాలేదు.

షెడ్డులోకి వెళ్లేసరికి సత్తిబాబు బట్టలు పెట్టెలో సర్దుకుంటున్నాడు. వెళ్లిపోయేవాడు, మా పంచదార డబ్బా నిండా నింపి నా సామాను వైపు పెట్టాడు. ఇందులో ఏం కలిపాడో! సహోదరులారా, నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన అదే! అప్పుడు నన్ను చూసి నాకే భయం వేసింది. వెనక్కి పోయి ఆ కొత్త నేలమీద మోకాళ్లూని, "అయ్యా, ఈ బుద్ధి నాలోంచి పెరికెయ్యి, నాకు చాతగావడం లేదు" అని వెక్కి వెక్కి ఏడ్చాను. లేచి నేరుగా బాబా దగ్గరికి వెళ్లి స్క్రూ అరచేతిలో పెట్టి చూపించాను. ఆయన అరవవలసినంత అరిచాడు, ఆ ఏడాది నా సెలవు పోయింది, కానీ సత్తిబాబు ఇఖామా మళ్లీ కొట్టించాడు. దేవునికే మహిమ!

సత్తిబాబు చేతులు పట్టుకుని క్షమించమన్నాను. అతను చెప్పిన మాట ఈనాటికీ నన్ను గుచ్చుతుంది. "నాకు ముందే తెలుసండి మేస్త్రిగారూ. గోడ తుడుస్తుంటే మీ కార్డు కింద తడి తగిలిందండి. చెబ్దామనుకున్నానండి. మీ దేవుడి కార్డు తీసెయ్యమంటన్నాననుకుంటారని ఊరుకున్నానండి. బాబా అడిగినప్పుడు మాత్రం నా మాటెవరు నమ్ముతారండి, మేస్త్రి మీరు కదండీ."

నా ముఖం చూసి ఒక మనిషి నోరు నొక్కుకున్నాడు, అందుకే ఆ నేల అంత పాడైంది. ఇప్పుడు ఆ కార్డు మళ్లీ గోడమీద ఉంది, టేపుతో సత్తిబాబే అతికించాడు. "జానెడు పైన పెట్టమంటారా అండీ?" అని నవ్వుతూ అడిగాడు, నేను తలదించుకుని సమానంగా పెట్టమన్నాను.

అనుమానం ఇప్పటికీ అప్పుడప్పుడు తొంగిచూస్తుంది, వచ్చిన ప్రతిసారీ మోకరిస్తాను, ఆయన విడిపిస్తున్నాడు. మీలో నాలాంటివారుంటే ఈరోజే ఆ ప్రభువును నమ్ముకోండి. నమ్ముకుని గదికి వెళ్లాక మీ పక్క మంచం మీది మనిషిని ఒక్క మాట అడగండి, నాకు చెప్పడానికి భయపడి నీలో దాచుకున్నదేమైనా ఉందా అని.