బొంతలో జేబు

నా చిన్నప్పుడు మందమర్రిలో మా కాలనీ మొత్తానికీ బొంతలు కుట్టింది మా పక్కింటి ఖాలాయే. పసిపిల్లల బొంతలో ఇంటి పెద్దలు వాడి వాడి మెత్తబడ్డ బట్టలే పెడతారు. కొత్తబట్ట గుచ్చుకుంటుందట. నాకు కొత్తబట్టలు కుట్టించనప్పుడల్లా మా అవ్వ కూడా ఇదే చెప్పేది.

ఒకసారి ఎదురింటి అక్కకు పాప పుట్టింది. అక్క వాళ్ల బాపు ఆ ముందు ఏడే జబ్బు చేసి పోయాడు. ఆయన గనికి వేసుకెళ్లిన చొక్కా ఒకటి మిగిలింది. ఎత్తుకోవడానికి తాత ఎట్లాగూ లేడు, ఆయన చొక్కా అయినా పాప బొంతలో ఉండాలని అక్క పట్టు. ఎంత ఉతికినా దానిలో బొగ్గు పోలేదు. సబ్బు మాత్రం నల్లబడింది.

తొట్టెల వేడుకకని చెన్నూరు నుంచి ముందే దిగిన అక్క అత్తగారు ఆ చొక్కా చూసి ముఖం తిప్పుకుంది.

"పసిపోరికి నల్లబట్ట కప్పుతరా? అచ్చిరాదు. నా కండ్లకు కనవడొద్దు."

అక్క ఏడ్చింది. అది చూసి పాప అందుకుంది. కాలనీలో నల్లా రాని రోజది, ఆ ఇంట్లో మాత్రం నీళ్లకు కొదవ లేదు.

ఖాలా సూదిలో దారం ఎక్కిస్తూ, "జర ఊకో బేటీ. కనవడొద్దన్నది, గంతే గద," అంది.

చొక్కాను మధ్యలో పరిచి, పైనా కిందా తెల్లచీర వేసి కుట్టింది. ఎప్పుడూ తిన్నగా వరుసలు వేసే మనిషి, ఈసారి దారాన్ని వంచి, తిప్పి, మళ్లీ వెనక్కి తెచ్చింది.

"ఖాలా, గిదేం బొమ్మ? పిట్టనా?" అన్నాను.

"బొమ్మ గాదు బేటా. లోపల చొక్కా ఎటు పోతే నా సూది గటు పోయింది. చెయ్యి వెట్టి సూడు."

పెట్టాను. మెడపట్టీ మందంగా తగిలింది.

తొట్టెల నాడు అత్తగారే, "గిప్పుడు ముద్దుగున్నది," అని పాపకు కప్పింది. అక్క బొంత మీద చెయ్యి నడిపిస్తూ ఒకచోట ఆగింది. "బాపు తంబాకు డబ్బి గీ జేబులనే వెట్టుకునేది," అని మెల్లగా నవ్వింది.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో బొమ్మలు వేస్తాను. చెప్పదలచుకున్నది ముందు దళసరి రంగుతో వేసి, తెల్లరంగుతో కప్పేసి, దాని అంచుల వెంట గీతలు లాగుతాను. "గోడకు సున్నమేసినట్టున్నది," అన్నవాళ్లూ ఉన్నారు. మా బాపు వాళ్లలో మొదటివాడు.

ప్రదర్శనల్లో బొమ్మల పక్కన తాకరాదని బోర్డు పెడతారు. నా బొమ్మల దగ్గర మాత్రం పెట్టనివ్వను.