తలపాగా మీద కిరీటం

పెలత్యా మా పక్కింటివాడు. యెరూషలేములో కలవారి పిల్లలకు బుద్ధులు చెప్పే బడి నడిపేవాడు. చెప్పేవి ముఖ్యంగా రెండు: రాజు పెట్టింది కాదనకూడదు, యాజకుడి వాటా ముట్టకూడదు. మిగతాదంతా కుమ్మరుల మీదా కమ్మరుల మీదా వెటకారం. తన మామగారే కుమ్మరి అన్న సంగతి అప్పుడు గుర్తుండేది కాదు.

మా ప్రధాన యాజకుడు తన యాజక తలపాగా మీద కిరీటం కూడా పెట్టేసుకుని తానే రాజయ్యాక ఆ బడి కుంటుపడింది. ఒకే మనిషి దగ్గర రెండు పాఠాలూ ఎలా కుదురుతాయని పిల్లలు అడిగారు. కుదురుతాయన్నాడు గానీ ఎలాగో చెప్పలేకపోయాడు. ఒక్కొక్కరే మానేశారు. ఇక రాజుగారి పిల్లలకు చదువు చెప్పే కొలువైనా దొరకాలి, లేదా మామగారింట్లో మట్టి తొక్కాలి.

ఆ కొలువు సంగతి మాట్లాడటానికే కోట నుంచి మధ్యాహ్న భోజనానికి పిలుపొచ్చింది. "పాఠాలు చెప్పకండి, పెట్టింది తినేసి రండి" అని భార్య యెమీమా మరీ మరీ చెప్పి పంపింది. నూనె జాడీలు దింపడానికి వెళ్ళిన నేను తలుపు దగ్గరే నిలబడి చూశాను.

రాజుగారు ముచ్చటపడి బలిపొట్టేలు తొడ స్వయంగా పెలత్యా పళ్ళెంలో వేశాడు. బలిమాంసంలో తొడ యాజకుల ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ తగదు. కానీ ఆయనకు కిరీటం కొత్త, తలపాగా పాత. పాతది మరిచిపోయాడు.

పెలత్యా తన రెండు పాఠాలూ పట్టుకున్నాడు. రాజుగారు పెట్టారు కాబట్టి పుచ్చుకున్నానన్నాడు. యాజకుల వాటా కాబట్టి సమర్పించుకుంటున్నానని వెంటనే తిరిగి రాజుగారి పళ్ళెంలో వడ్డించాడు. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం రాజుకు నామోషీ, మళ్ళీ ఇటు వేశాడు. తొడ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. రాజు ముద్ద ముట్టనిదే ఎవరూ తినకూడదు కాబట్టి విందుకొచ్చిన సేనాపతులంతా నోరూరుతూ కూర్చున్నారు.

చివరికి రాజుగారే తొడ కొరికాడు.

"రాజుగా చెబుతున్నాను, కొలువు నీదే" అన్నాడు నములుతూ. తలపాగా సర్దుకున్నాడు. "యాజకుడిగా కూడా చెప్పాలిగా. నా పిల్లలు చదివేది గుడిలో, యాజకుల ప్రాకారంలో. యాజకుడివి కాదు కనుక నువ్వందులో కాలు పెట్టకూడదు."

వెటకారం కాదు. పెలత్యా గుర్తుచేయబట్టే తాను యాజకుడన్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది.

కొలువు వచ్చిందా అని యెమీమా అడిగితే వచ్చిందన్నాడు. ఎప్పుడు వెళ్ళాలంటే, వెళ్ళకూడదట అన్నాడు. ఆవిడ తల పట్టుకుంది. అంత విందుకు వెళ్ళినవాడు ఆకలితో తిరిగొచ్చాడని తెలిసి, నవ్వలేక ఏడవలేక పప్పు వడ్డించింది. నాకూ జాలేసింది.

మర్నాడు పెలత్యా మామగారి వాకిట్లో మట్టిగుంట ఒడ్డున నిలబడి, ఏ కాలు ముందు పెట్టాలని అడిగాడు.

ముసలాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. "రెండూ పెట్టండి అల్లుడుగారూ. ఒంటికాలితో మట్టి తొక్కలేం."